టన్నుకి 20 మిల్లీగ్రాములు: బాబాయి దాణా మిల్లు డైరీ

జూన్ 11

పొద్దున్నే బాబాయి ఫోను. "ఏరా, ఖాళీయేనా? ఒకసారి మిల్లుకి రా. పాల డెయిరీ వాళ్లు ఏవో కాగితాలు అడుగుతున్నారు."

మిల్లు నిడదవోలుకి నాలుగు కిలోమీటర్లు, కాలవ గట్టు పక్కనే. రెండు గ్రైండర్లు, అర టన్ను పట్టే నిలువు మిక్సరు ఒకటి, వెనక రేకుల షెడ్డు గోడౌను. గేదెల దాణా రోజుకి ఆరు టన్నుల దాకా పోతుంది. సగం చుట్టుపక్కల పాల కేంద్రాలకి, మిగతాది కొట్లకి. ఇప్పుడా డెయిరీ అంటోంది: సంచి మీద లైసెన్సు నంబరు ఉండాలి, ప్రతి బ్యాచ్‌కీ ల్యాబు రిపోర్టు ఉండాలి, లేకపోతే దసరా తర్వాత మీ దాణా దింపుకోం.

"కోళ్ల మేత ల్యాబులో ఎనిమిదేళ్లు చేశావుగా. ఆ కాగితాల గోలేదో నువ్వే చూసిపెట్టు. నెల పడుతుందా?"

పడుతుంది బాబాయ్ అన్నాను. గోడౌనులోకి వెళ్లాక ఆ మాట ఎందుకన్నానా అనిపించింది. తవుడు బస్తాలు నేల మీదే ఉన్నాయి, గోడకి ఆనించి. పైన రేకు కన్నంలోంచి వాటి మీద రూపాయి బిళ్లంత ఎండ. ఎండ దిగిన చోట వాన దిగకుండా ఉంటుందా?

జూన్ 15

నాలుగు రోజులు చదివితే తేలిందిది. 2020లో మన రాష్ట్రం పశువుల దాణాకి విడిగా చట్టం చేసింది. తయారీ, నాణ్యత, అమ్మకం, పంపిణీ అన్నీ దాని కిందికే వస్తాయి. తయారుచేసేవాడికీ అమ్మేవాడికీ లైసెన్సు ఉండాలి. చేపల మేతకి అదే ఏడు వేరే చట్టం వచ్చింది. మిల్లుల వాళ్లు చాలామంది ఈ రెండిటినీ కలిపేసి "అది చెరువుల వాళ్లకి లెండి, మనకి కాదు" అనుకుంటున్నారు. బాబాయి కూడా అంతే.

ఢిల్లీ నుంచి వచ్చింది ఇంకోటి. 2020 జనవరిలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, రెండు మాటలు చెప్పింది. పాడి పశువులకి మాంసం పొడి, ఎముకల పొడి, రక్తం పొడి లాంటివి పెట్టకూడదు. రెండు, వ్యాపారానికి చేసే దాణా బీఐఎస్ (సరుకుల నాణ్యతకి ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ) ప్రమాణానికి తగ్గట్టు ఉండి, సంచి మీద ఆ గుర్తు వేసుకోవాలి. ఈ రెండోదానికి గడువు జరుగుతూ వచ్చింది. జరిగిన ప్రతిసారీ "ఇదీ పోయేదేలే" అని బాబాయి లాంటివాళ్లు ఊపిరి పీల్చుకున్నారు.

గేదెల దాణా ప్రమాణం నంబరు ఐఎస్ 2052. అందులో మాకు గుచ్చుకునేవి నాలుగు. మాంసకృత్తులు మొదటి రకం దాణాలో 22 శాతానికి, రెండో రకంలో 20కి తగ్గకూడదు. తేమ 11 దాటకూడదు. యూరియా 1 శాతం దాటకూడదు. అఫ్లాటాక్సిన్ బీ1 అనే బూజు విషం 20 పీపీబీ దాటకూడదు. మొదటి మూడూ బాబాయికి అర్థమయ్యాయి. నాలుగోది రాగానే "అదేంట్రా, నా బస్తాలో విషమా?" అని లేచాడు.

జూన్ 16

గోడౌను తలుపు మీద సుద్దముక్కతో లెక్క వేసి చూపించాను.

పీపీబీ అంటే నూరు కోట్లలో ఒక వంతు. 20 పీపీబీ అంటే టన్ను దాణాలో 20 మిల్లీగ్రాములు. వేలి గోటి మీద పట్టేంత కూడా ఉండదు. మన గేదె రోజుకి 5 కిలోల దాణా తిని 8 లీటర్లు ఇస్తుందనుకో. 20 పీపీబీ దాణా అయితే కడుపులోకి వెళ్లేది 100 మైక్రోగ్రాములు. అందులో నూటికి ఒకటి నుంచి మూడు వంతుల దాకా రూపం మార్చుకుని ఎం1 అయి పాలలోకి దిగుతుంది. రెండు వంతులు వేసుకుంటే 2 మైక్రోగ్రాములు, లీటరుకి పావు. పాలకి మన దేశంలో హద్దు 0.5. సరిపోయింది. అదే దాణాలో 60 ఉంటే లీటరుకి ముప్పావు. హద్దు దాటిపోయింది.

"కాచితే పోదా?"

పోదు బాబాయ్. కాచినా, డెయిరీలో పాశ్చరైజ్ చేసినా అలాగే ఉంటుంది. అందుకే వాళ్లు మన మీద పడ్డారు. 2018లో దేశమంతా 6,432 పాల నమూనాలు తీసి చూస్తే, ప్రాణానికి ముప్పు తెచ్చే కల్తీ 12 నమూనాల్లోనే దొరికింది. ఈ ఎం1 మాత్రం 368 నమూనాల్లో హద్దు మీరింది. కల్తీగాళ్ల కోసం బయల్దేరినవాళ్లు చివరికి దాణా గోడౌను తలుపు దగ్గర తేలారు.

బాబాయి చాలాసేపు ఆ లెక్క వైపు చూశాడు. సాయంత్రం వెళ్లేటప్పుడు చూస్తే తలుపు తుడిచేసి ఉంది. సరుకు కొనేవాళ్లు చూస్తారని భయం అయ్యుంటుంది.

జూన్ 24

ఈ వారమంతా తవుడుతోనే సరిపోయింది.

వరి పండే చోట తవుడుకి కొరత లేదు, అదే మా బలం. అదే తలనొప్పి కూడా. తవుడులో ఊకపొడి కలిపితే కంటికి ఆనదు. మా ముఠా మేస్త్రి పరీక్ష మాత్రం చూడాల్సిందే. చిటికెడు నోట్లో వేసుకుని ముందు పళ్లతో మెల్లగా నమిలి, "ఇసకండి బాబూ, దించొద్దు" అంటాడు. నేను నవ్వి, అదే తవుడు స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి తిప్పాను. నిమిషంలో పైన పల్చటి పొరలా ఊక తేలింది. మర్నాడు తెలిసిన ల్యాబులో కాల్చి, ఆమ్లంలో కరగని బూడిద ఎంతో చూపించాను. పాత పార్టీ తవుడులో తక్కువ, ఈ లారీ దాంట్లో దానికి మూడు రెట్లు. ఊక బూడిదలో ఎక్కువ భాగం ఇసక లాంటి సిలికాయే. మేస్త్రి పళ్లకి కిరకిరలాడింది అదే. నలభై ఏళ్ల అనుభవం ముందు నా మఫిల్ ఫర్నేస్, అదే ల్యాబులో బూడిద చేసే కొలిమి, ఒకరోజు ఆలస్యం.

అయినా రిజిస్టరులో "మేస్త్రి నమిలి చూశాడు" అని రాసుకోలేం. అందుకని నీళ్ల పరీక్షని లారీ దిగే చోటే పెట్టించాను. పళ్లెం, చెంబు, ఒక పుస్తకం. లారీ నంబరు, తేదీ, ఊక తేలిందా లేదా, తేమ ఎంత, మేస్త్రి సంతకం. ఆయన సంతకం నేర్చుకున్నది ఉపాధి కార్డు కోసమట. ఇప్పుడు రోజుకి మూడుసార్లు పెడుతున్నాడు, ప్రతిసారీ కొంచెం వేరేగా.

జూలై 3

తేమ గురించి ఇక్కడ ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. ధాన్యం అమ్మేటప్పుడు 17 శాతం అన్న అంకె ప్రతి రైతుకీ గుండెల మీద కుంపటి. అందుకే మొక్కజొన్న లారీ మీద మీటరు పెట్టి 13.6 అనగానే డ్రైవరు సంతోషించాడు. "ఇంకేమండీ, పదిహేడుకి బోల్డు తక్కువ." ఇది ధాన్యం కాదు నాయనా. 11 దాటని దాణా తయారవ్వాలంటే 13.6 మొక్కజొన్నని ఈ ముసురులో నిలవ పెట్టలేం.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఒక బస్తా మూతి విప్పి గుప్పెడు తీసి, అఫ్లాటాక్సిన్ ఎంతుందో చూపించే స్ట్రిప్ పరీక్ష చేశాను. 8 పీపీబీ. బాబాయి "చూశావా" అన్నట్టు మీసం తిప్పాడు. నాకెందుకో మనసొప్పలేదు. లారీ మధ్యలోంచి ఇంకో బస్తా దింపించి, అడుగు దాకా గొట్టం గుచ్చి తీశాను. 64.

ఒకే లారీ, ఒకే వ్యాపారి, ఒకే పొలం సరుకని చెప్పాడు. బూజు అంతే, పెసరట్టు మీద ఉల్లిపాయ ముక్కల్లా ఒక చోట గుప్పెడు ఉంటుంది, పక్కన ఏమీ ఉండదు. ఒక్క గుప్పెడు తీసి లారీ అంతటికీ తీర్పు చెప్పడం జూదం. నేనే ఆ తప్పు చేశాను, అదీ ఎనిమిదేళ్ల ల్యాబు తర్వాత. ల్యాబులో మా బల్ల మీదకి చక్కగా కలిపి పొట్లం కట్టిన నమూనా వచ్చేది. అది ఎవరు ఎలా తీశారో ఎన్నడూ అడగలేదు.

ఇకనుంచి పద్ధతి ఇది. పది బస్తాలకి ఒకటి వదలకుండా పైనా, మధ్యలో, అడుగునా గుచ్చాలి. తీసిందంతా బరకం మీద పోసి కలపాలి. గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేసి, మిగిలింది మళ్లీ కలపాలి. కిలో మిగిలేదాకా ఇదే. ఆ కిలోని మెత్తగా పిండి చేశాకే పరీక్ష. ముఠా వాళ్లకి ఇది పండక్కి ముగ్గులేసినట్టుందట.

లారీ వెనక్కి పంపాం. దానికో కొస ఉంది. ఎవరో దళారి వచ్చి "మీకొద్దంటే ఇవ్వండి, బాతుల వాళ్లకి చౌకగా పోతుంది" అన్నాడు. ఈ విషానికి అందరికన్నా ముందు పోయేది బాతులూ సీమకోళ్లే (టర్కీ కోళ్లు). అసలు లోకం ఈ విషాన్ని కనిపెట్టిందే అలా. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ చెక్క తిని లక్షకి పైగా సీమకోళ్లు చచ్చిపోయాక వెతుకులాట మొదలైంది. దళారికి ఇదంతా చెప్పాను. విన్నాడు. వారం తిరక్కుండా అదే లారీని ఇంకో మిల్లు ముందు చూశాను. మేం వెనక్కి పంపిన సరుకు నేలలో కలిసిపోలేదు, పక్కవాడి మిక్సరులో కలిసింది. దీనికి నా దగ్గర మందు లేదు.

జూలై 12

ధవళేశ్వరంలో ఎర్రనీళ్లు వచ్చేశాయి. మిల్లు పక్క కాలవ కూడా రంగు తిరిగింది.

గోడౌనులో రేకులు మార్చాం. వెదురు బొంగులతో అడుగు ఎత్తు మంచెలు కట్టించాం. గోడకీ బస్తాలకీ మధ్య మనిషి పట్టేంత సందు. బాబాయి గొణిగాడు, "గోడౌనులో పావు వంతు గాలికి అద్దెకిచ్చినట్టుంది." తవుడు దొంతర మీద ఇదివరకు వేసే ప్లాస్టిక్ పట్టా తీసేయించాను. దాని కింద ఆవిరి పట్టి పై వరస బస్తాలు అట్టకట్టడం నేనే చూశాను. చెయ్యి పెడితే వెచ్చగా, ముక్కిపోయిన వాసన.

జూలై 21

మిక్సరు కథ. ఇది కొంచెం పెద్దది.

బాబాయి దాణాలో యూరియా అర టన్నుకి 4 కిలోలు వేస్తాడు. ప్రమాణం ఒప్పుకునే 5 కిలోల లోపే, కాగితం మీద తప్పు లేదు. కానీ ఈ ముసురుకి యూరియా గడ్డకడుతుంది. గడ్డ చితక్కుండా ఏ బస్తాలో పడితే ఆ బస్తా తిన్న గేదె గతి ఏంటి? యూరియా ఎక్కువైతే గంటల్లో ప్రాణం పోతుంది.

సరిగ్గా కలుస్తోందా అని చూడ్డానికి ఉప్పు పరీక్ష పెట్టాను. దాణాలో ఎలాగూ ఉప్పు వేస్తాం కాబట్టి, ఒక బ్యాచ్ దిగుతున్నప్పుడు వరసగా పది చోట్ల తీసి ఒక్కోదాంట్లో ఉప్పెంతో కొలిస్తే, అన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. పదీ వాటి సగటుకి అటూ ఇటూ ఊగే తేడా పది శాతం లోపుంటే బాగా కలిసినట్టు. మాకు 27 వచ్చింది. ఒక నమూనాలో ఉప్పు ఇంకోదానికి రెట్టింపు.

మిక్సరు ఎంతసేపు తిరుగుతోందని అడిగితే ఆపరేటరు "పావుగంటండి" అన్నాడు. ఫోనులో టైమరు పెట్టి పక్కన కూర్చున్నాను. అయిదు నిమిషాలు. అబద్ధమాడాడని కోపం రాలేదు, ఎందుకంటే వెంటనే కారణం కనపడింది. ముఠాకి కూలి బస్తాకి ఇంత అని. మిక్సరు పావుగంట తిరిగితే వాళ్లు పావుగంట ఖాళీగా నిలబడాలి, ఆ ఖాళీకి డబ్బు లేదు. వాళ్లు అయిదు నిమిషాలకే కింద తలుపు తెరవమని కేకేస్తారు, ఇతను తెరుస్తాడు. నిలువు మిక్సరుకి అయిదు నిమిషాలు ఏ మూలకీ చాలవు.

రాత్రి బాబాయితో గొడవ. "కూలి పద్ధతి మార్చమంటావా? చట్టంలో అది కూడా ఉందా?" చట్టంలో లేదు. కానీ చట్టంలో ఉన్నదంతా ఆ అయిదు నిమిషాల మీదే ఆగి ఉంది. పిన్ని మజ్జిగ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, "రోజు కూలి ఇచ్చి చూడండి పది రోజులు, కొంప మునగదు" అంది. మిల్లు లెక్కలు రాసేది పిన్నే కాబట్టి ఆ మాట నిలబడింది.

పావుగంట తిప్పాక మళ్లీ ఉప్పు పరీక్ష: 9. యూరియా అయితే పూర్తిగా మానిపించాను. దాని బదులు పత్తి చెక్క పెంచాలి, బస్తాకి ఖర్చు పెరుగుతుంది. ఈ ఒక్క విషయంలో నేను మొండికేశాను. పద్ధతిగా వేస్తే తప్పు కాదని నాకూ తెలుసు. మా షెడ్డులో, మా తేమలో, మా మిక్సరుతో వద్దు, అంతే.

ఆగస్టు 9

మందుల అర సర్దాను. అడుగున ఎప్పటిదో సగం వాడిన పొడి ప్యాకెట్టు, మీద కొలిస్టిన్ అని ఉంది. 2019 జూలైలోనే దాన్ని పశువులకీ కోళ్లకీ మేతల్లో వాడకూడదని కేంద్రం నిషేధించింది. మనుషులకి వేరే మందులేవీ పనిచెయ్యనప్పుడు డాక్టర్లు చివరగా వాడేది అది. బాబాయికి అది ఎందుకు కొన్నాడో కూడా గుర్తు లేదు. రిజిస్టరులో రాసి పక్కన పెట్టాం.

ఆగస్టు 17

సంచులు. నవ్వాలో ఏడవాలో తెలీని రోజు.

మిల్లులో అచ్చేసిన ఖాళీ సంచులు నాలుగు వేలున్నాయి. వాటి మీద అడ్రసు పశ్చిమ గోదావరి జిల్లా అని. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు నిడదవోలు తూర్పు గోదావరిలోకి పోయింది. గోదారికి పడమటి గట్టున కూర్చుని తూర్పు గోదావరి అని రాసుకోవడం బాబాయికి ఇప్పటికీ నచ్చదు. అందుకే మార్చలేదు, మర్చిపోయి కాదు. పైగా సంచి మధ్యలో ఎర్రక్షరాలతో "పాలు రెట్టింపు". కింద తయారీ తేదీ లేదు, బ్యాచ్ నంబరు లేదు, లోపలేముందో లేదు.

"రెట్టింపు తీసేస్తే ఎవడు కొంటాడ్రా?"

"రెట్టింపు అవ్వకపోతే ఎవరైనా కేసేస్తే?"

కొత్త సంచికి నమూనా గీశాం. దాణా రకం, మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ అంకెలతో, లైసెన్సు నంబరుకి చోటు, నికర బరువు, బ్యాచ్, తేదీ, అన్నీ తెలుగులో, రైతు కళ్లజోడు లేకుండా చదివే సైజులో. ఎద్దు బొమ్మ ఉన్నచోట గేదె బొమ్మ వేయించాం. పాతికేళ్లుగా పాల దాణా సంచి మీద ఎద్దు ఎందుకుందో ఎవరూ అడగలేదు. నాలుగు వేల సంచుల్ని తిరగేసి ఊకకి వాడుతున్నాం.

సెప్టెంబరు 14

లైసెన్సు దరఖాస్తు వెళ్లింది. దాని గురించి రాయడానికేమీ లేదు. ఫోటోలు, అద్దె కాగితం, యంత్రాల జాబితా, మూడుసార్లు తిరగడం.

బీఐఎస్ గుర్తు మాత్రం వేరే కొండ. దానికి పరీక్షలు చేసుకునే ఏర్పాటు మన దగ్గరే ఉండాలి, చెయ్యగలిగిన మనిషి ఉండాలి. రోజుకి వందల టన్నులు చేసే కంపెనీకి కెమిస్టు జీతం లెక్కలోకే రాదు. ఆరు టన్నుల మిల్లుకి అది లాభంలో పెద్ద ముక్క. నియమం తప్పని అనను. అదే పాలు మా ఇంట్లో పిల్లలూ తాగుతారు. కాకపోతే చిన్న మిల్లుకీ పెద్ద కంపెనీకీ ఒకే చొక్కా కుట్టారు, మాకది మోకాళ్ల దాకా వేలాడుతోంది.

పెనుగొండ వైపు ఒకరు, మండపేట దగ్గర ఒకరు, మేం, మొత్తం మూడు మిల్లుల వాళ్లం కూర్చున్నాం. ఒక కెమిస్టు కుర్రాణ్ణి ముగ్గురం కలిసి పెట్టుకుని, రోజువారీ తేమ, బూడిద, స్ట్రిప్ పరీక్షలు అతనితో చేయిద్దామని. పెద్ద పరీక్షలు బయట ల్యాబుకి. దీంతో బీఐఎస్ పని అవుతుందని నేను చెప్పలేదు. ముందు అంకెలు మన చేతిలో ఉంటాయి, అంతే. మండపేట ఆయన "ఆయ్, నేను రెడీ అండి. కానీ నా అంకెలు ఈయన చూడకూడదండి" అన్నాడు. ఒప్పుకున్నాం. ఎవరి పుస్తకం వాళ్లదే.

అక్టోబరు 8

డెయిరీ వాళ్లు వచ్చి చూశారు. గోడౌనులో సందులోంచి నడిచారు. రిజిస్టరులో వాళ్లే ఒక తేదీ వేలు పెట్టి చూపించి ఆ బ్యాచ్ నమూనా తెమ్మన్నారు. ప్రతి బ్యాచ్‌దీ అరకిలో సీసాలో పోసి మూడు నెలలు దాస్తున్నాం కాబట్టి దొరికింది. దసరా తర్వాత కూడా దించుకుంటామన్నారు. లైసెన్సు నంబరు వచ్చింది. కొత్త సంచుల మీద పడింది కూడా.

మా ఎదురుగా కొట్టులో విడి తవుడు గోతాల్లో పోసి కిలోల్లెక్కన అమ్ముతున్నారు. దానికి బ్యాచ్ లేదు, తేదీ లేదు. సగం మంది రైతులు గేదెకి పెట్టేది మా దాణా సగం, ఆ తవుడు సగం. డెయిరీ ఆయనకి అది చూపించాను. ఆయన అటు చూసి, టీ తాగి వెళ్లిపోయాడు.

నవంబరు 2

మొదటి ఫిర్యాదు. సమిశ్రగూడెం వైపు నుంచి ఒక రైతు బండి మీద బస్తా వేసుకొచ్చి అరుగు మీద ధబీమని పడేశాడు.

"మీ కొత్త సంచి బావుందండి. దాణా మాత్రం గేదె మూతి కూడా పెట్టట్లేదు. కాగితాలు తింటుందేంటండీ అది?"

ఇదివరకైతే బాబాయి ఇంకో బస్తా ఇచ్చి పంపేసేవాడు, సంగతి అక్కడితో పోయేది. నేను సంచి మీద బ్యాచ్ నంబరు చూసి, సీసా తీసి, మూత విప్పాను. మంచి వాసన. తేమ 10.4. ఆయన బస్తా అడుగున చెయ్యి పెడితే ముద్ద, పచ్చగా బూజు. అదే బ్యాచ్ కొన్న ఇంకో ఇద్దరికి ఫోను చేశాం. వాళ్ల గేదెలు తింటున్నాయి.

ఇంటికి వెళ్లి చూస్తానన్నాను. పశువుల పాకలో కుడితి గోలెం పక్కన, నేల మీద తడి చారికలు. దాణా బస్తా ఎప్పుడూ అక్కడే ఉంటుందట. గోలెం పొర్లినప్పుడల్లా నీళ్లు దాని కిందికే. గేదె తల ఎత్తి నా వైపు చూసి మళ్లీ గడ్డిలో దించింది.

"మరి మీ తప్పు లేదంటారా?" అన్నాడాయన, గొంతు కొంచెం తగ్గించి.

పెరట్లో పాత మంచం పట్టె ఒకటి, నాలుగు ఇటుకలు కనిపించాయి. ఇద్దరం కలిసి గోలానికి దూరంగా, గోడకి జానెడు ఎడంగా ఇటుకల మీద పట్టె వేశాం. బాబాయి పంపిన కొత్త బస్తా దాని మీద పెట్టాం. బూజు బస్తా ఎవరికీ, కోళ్లకి కూడా వెయ్యనని ఆయనచేత ఒప్పించి, పెరట్లో గొయ్యి తీసి పూడ్చేదాకా అక్కడే ఉన్నాను.

మిల్లుకి తిరిగొచ్చేసరికి బాబాయి గోడౌను తలుపు దగ్గర సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. జూన్‌లో తుడిచేసిన లెక్కని మళ్లీ రాస్తున్నాడు. 5 కిలోలు, 8 లీటర్లు. మధ్యలో ఆగి అడిగాడు, "ఒరేయ్, నూటికి రెండా, మూడా?"